ట్యాంకు విప్పి బిగించాక బండి ఎందుకు ఆగిపోతోంది?

ప్రశ్న: నాది 2021లో కొన్న 150 సీసీ బండి. ట్యాంకుకు రంగు వేయించడానికి విప్పించి బిగించినప్పటి నుంచి, కావలిలో బయలుదేరి ఒంగోలు వైపు హైవే మీద వెళ్తుంటే సింగరాయకొండ దాటేలోపే ఇంజన్ ఈడ్చుకుపోయి ఆగిపోతోంది. ట్యాంకు మూత తీస్తే బుస్సుమని చప్పుడు వస్తుంది. ఆ తర్వాత వెంటనే స్టార్ట్ అవుతుంది. పెట్రోలు ఆవిరిని పట్టి ఉంచే నల్లటి క్యానిస్టర్ డబ్బాను తీసేసి పైపులకు బిరడాలు కొడితే సరిపోతుందని మెకానిక్ అంటున్నారు. తీసేయవచ్చా? లేకపోతే ఏ పైపు ఎక్కడికి వెళ్ళాలి?
– ఒక పాఠకుడు, కావలి

జవాబు: మూత తీయగానే వచ్చే ఆ బుస్సుమనే చప్పుడే జబ్బు ఎక్కడుందో చెబుతోంది. పెట్రోలు ఖర్చయ్యేకొద్దీ ట్యాంకులో ఖాళీ అయిన చోటికి బయటి గాలి చేరాలి. ఆ దారి మూసుకుపోతే లోపల శూన్యం ఏర్పడి, పంపు ఎంత లాగినా ఇంజన్‌కు పెట్రోలు సరిగా అందదు. మీ బండిలో ఆ దారి క్యానిస్టర్ గుండానే ఉంటుంది.

బండ్ల పొగ, ఆవిరి కాలుష్యానికి హద్దులు పెట్టే బీఎస్-6 నిబంధనలు అమలులోకి వచ్చింది 2020 ఏప్రిల్ 1న కాబట్టి, మీ బండికి ఈ ఏర్పాటు కంపెనీ నుంచే వచ్చింది. బండి ఎండలో నిలబడినప్పుడు ట్యాంకులో పుట్టిన ఆవిరి ఒక పైపు ద్వారా డబ్బాలోకి చేరి, అందులోని ఉత్తేజిత బొగ్గుకు అంటుకుంటుంది. ఇంజన్ వేడెక్కాక పర్జ్ వాల్వ్ (ఆవిరిని వదిలే కవాటం) తెరుచుకుంటుంది; అప్పుడు ఇంజన్ ఆ ఆవిరిని రెండో పైపు ద్వారా థ్రాటిల్ బాడీ (ఇంజన్‌లోకి గాలి వెళ్ళే భాగం) వైపు లాగి కాల్చేస్తుంది. మూడోది గాలి పీల్చుకునే పైపు. దాని కొన ఎప్పుడూ తెరిచే ఉండాలి.

రంగు వేయించిన బండ్లలో నేను ఎక్కువగా చూసిన తప్పు ట్యాంకు అడుగున జరుగుతుంది. చాలా ట్యాంకుల కింద పక్కపక్కనే రెండు గొట్టాలు ఉంటాయి. ఒకటి ఆవిరిది, మరొకటి మూత చుట్టూ నిలిచే వాన నీటిని నేరుగా కిందికి వదిలేది. ఇవి తారుమారైతే వాన నీరు బొగ్గులోకి చేరుతుంది, ఆవిరేమో గాలిలో కలిసిపోతుంది. మూత చుట్టూ ఉన్న గాడిలో నాలుగు చుక్కల నీళ్ళు పోసి ఏ గొట్టంలోంచి కారుతాయో చూస్తే ఏది ఏదో తెలిసిపోతుంది. మీ విషయంలో మాత్రం ఆవిరి పైపు ట్యాంకుకూ ఫ్రేముకూ మధ్య నలిగిందనో, కొత్త రంగు ఆ గొట్టం రంధ్రంలో గడ్డకట్టిందనో అనుమానించాలి. ఇంజన్ చల్లారాక ట్యాంకు పైకెత్తి, ఆవిరి పైపును రెండు చివరలా ఊడదీసి, సైకిల్ పంపుతో గాలి కొట్టి చూడండి; నోటితో ఊదకండి. ఆ పైపు బాగానే ఉంటే గాలి పీల్చే పైపు కొనను చూడండి. అక్కడ కందిరీగ మట్టితో గూడు కట్టినా ఇదే ఇబ్బంది వస్తుంది.

తిరిగి బిగించేటప్పుడు పైపు ఎక్కడా మడత పడకుండా, సైలెన్సర్‌కూ చైనుకూ దూరంగా, పెట్రోలు చుక్కలు నిలిచే ఒంపు లేకుండా నడిపించండి. పాతది పగిలి ఉంటే పెట్రోలుకు తట్టుకునే రబ్బరు పైపే వేయించండి. నీళ్ళకు వాడే తెల్ల పైపు కొన్నాళ్ళకే బిగుసుకుపోయి చిట్లుతుంది.

బిరడాలు కొట్టమన్న సలహాను దయచేసి పాటించకండి. ట్యాంకు పైపును మూసేస్తే ఇప్పుడు అప్పుడప్పుడూ వచ్చే జబ్బు శాశ్వతమవుతుంది. పైగా మన జిల్లాలో మే నెల ఎండ నలభై డిగ్రీలు దాటినప్పుడు లోపలి ఆవిరి ఒత్తిడికి మూత దగ్గర పెట్రోలు చిమ్మే ప్రమాదం ఉంది. పైపును తెరిచి వదిలేస్తే, వరండాలో నిలిపిన బండి నుంచి వచ్చే ఆవిరిని, అందులోని బెంజీన్ అనే హానికర రసాయనంతో సహా, మీ ఇంట్లోవాళ్ళే పీల్చాలి.

పెట్రోలు బంకులో నాజిల్ తనంతట తాను ఆగాక మూతి దాకా నింపించుకోకండి. పొంగిన పెట్రోలు క్యానిస్టర్‌లోకి దిగి బొగ్గును పాడుచేస్తుంది. ఇప్పటికే డబ్బా బరువెక్కి, ఊపితే లోపల ద్రవం కదిలిన చప్పుడు వస్తుంటే దాన్ని మార్చవలసిందే.