బుద్ధి వ్యాగన్ఆర్ అంటోంది, మనసు పోలో అంటోంది: తిరుపతిలో మొదటి సెకండ్ హ్యాండ్ కారుగా ఏది కొనాలి?

మీరు రాసిన వివరాలు ముందు ఒకచోట పెట్టుకుంటాను. నాలుగున్నర లక్షల బడ్జెట్, మొదటి కారు. ఇంట్లో మీరు, మీ ఆవిడ, చిన్న పాప, మోకాళ్ళ నొప్పులున్న అమ్మగారు. వారం వారం చిత్తూరు దగ్గర సొంతూరికి, వీలు దొరికినప్పుడల్లా కొండకు. చూసిపెట్టుకున్నవి రెండు. ఒకటి తిరుపతిలోనే ఉన్న 2019 మారుతీ వ్యాగన్ఆర్ 1.0, ఏపీ 39 నంబరు, సింగిల్ ఓనర్. రెండోది చెన్నైలో తెలిసినవాళ్ళ ద్వారా వచ్చిన 2017 ఫోక్స్‌వ్యాగన్ పోలో 1.2 పెట్రోలు, టీఎన్ నంబరు, ఇప్పుడున్నది రెండో ఓనరు. వ్యాగన్ఆర్ తీసుకోవడం తెలివైన పని అనిపిస్తోంది, కానీ రాత్రిళ్ళు పోలో ఫోటోలే చూస్తున్నాను అన్నారు.

నా మాట: ఆ పోలో వదిలేయండి. పోలో అనే మోడల్ మీద నాకు కోపం లేదు, చెన్నైలో ఉన్న ఆ ఒక్క బండి గురించే చెబుతున్నాను.

నేనేదో బుద్ధిమంతుణ్ణి అనుకోకండి. నేను కొన్న సెకండ్ హ్యాండ్ హ్యాచ్‌బ్యాక్, దాన్ని తయారుచేసే కంపెనీ మన దేశంలో కార్లు చేయడం మానేశాక కొన్నది. పేరు చెప్పను, అది వేరే గొడవ. ఇంట్లో మామయ్య మొదలుకొని వీధి చివర ఇస్త్రీ చేసే ఆయన దాకా అందరూ ఆల్టో కొనమన్నవాళ్ళే. "రేపు అమ్మబోతే ఎవడు కొంటాడబ్బా?" అన్నదే అందరి ప్రశ్న. ఇప్పటికీ అదే నడుపుతున్నాను, అమ్మే ఆలోచన కూడా లేదు. స్పేర్ పార్టులకు ఒక్కోసారి ఎదురుచూడాల్సి వస్తుంది, ఆ సంగతి తెలిసే కొన్నాను. మా ఇంట్లో ఉండేది మేమిద్దరమే, నడిపేది నేనొక్కణ్ణే, ఖాళీ దొరికితే ఊరికే భాకరాపేట ఘాటు దాకా పోయి వచ్చే పిచ్చి నాకుంది. మీ ఇల్లు వేరు.

రీసేల్ గురించి ఒక మాట. మన దగ్గర బుద్ధి అనే పేరుతో చెలామణీ అయ్యేదాంట్లో సగం నలుగురి మాటే. ఐదేళ్ళ తర్వాత మన బండి కొనబోయే ముక్కూ మొహం తెలియని మనిషికి ఏది నచ్చుతుందో ఊహించి, ఇవాళ మన డబ్బుతో అది కొనడాన్ని తెలివి అంటున్నాం. పైగా వ్యాగన్ఆర్‌కు రీసేల్ బాగుంటుందంటే, ఆ రీసేల్ ధర ఇప్పుడు మీరే కడుతున్నారన్నమాట. అదే వయసు, అదే కండిషన్‌లో ఉన్న వేరే బండి తక్కువకు రావడానికి కారణం అదే. కాబట్టి "అందరూ మారుతీయే కొంటారు" అన్న ఒక్క కారణంతో మాత్రం వ్యాగన్ఆర్ తీసుకోకండి. తీసుకోవడానికి అంతకంటే మంచి కారణాలున్నాయి.

మనసు లెక్క కూడా చూద్దాం. ఘాట్ రోడ్డులో పోలో పికప్ బాగుంటుందని రాశారు. ఇక్కడే మీరు కొంచెం పొరబడుతున్నారు. జనం మురిసిపోయి మాట్లాడుకునే పోలో, జీటీ టీఎస్ఐ. దానిది 105 పీఎస్ (ఇంజను శక్తి కొలత, హార్స్‌పవర్ లాంటిదే) టర్బో ఇంజను. మీకు చూపించినది 1.2 ఎంపీఐ, అంటే టర్బో లేని మామూలు ఇంజను, మూడు సిలిండర్లు, 75 పీఎస్. 2019 వ్యాగన్ఆర్ 1.0ది 68 పీఎస్. ఏడు పీఎస్ ఎక్కువే కదా అంటారేమో, పోలో బరువు దాదాపు 200 కిలోలు ఎక్కువ. నలుగురు ఎక్కి, డిక్కీలో సామాన్లు పెట్టుకుని, ఏసీ వేసుకుని రెండో ఘాట్ ఎక్కేటప్పుడు ఏది ఈజీగా లాగుతుందో మీరే చెప్పండి. మీరు ప్రేమించింది ఒక బండిని, మీకు అమ్మజూపుతున్నది ఇంకో బండిని. బయటికి రెండూ ఒకేలా కనిపిస్తాయి, అంతే.

అసలు తిరుమల ఘాట్‌లో పికప్‌తో పనేముంది? ఎక్కడానికి, దిగడానికి కనీసం ఇంత సమయం పట్టాలన్న రూలు ఉండనే ఉంది. దిగేటప్పుడు కావాల్సింది మంచి బ్రేకులు, రెండో గేరులో ఓపిగ్గా దిగే అలవాటు. నూట్రల్‌లో వదిలేసి పెట్రోలు మిగిలిందని సంబరపడేవాళ్ళను ఇంకా చూస్తూనే ఉన్నాం, వాళ్ళను ఆ ఏడుకొండలవాడే కాపాడాలి.

ఇక మీ ప్రశ్నలో నిజంగా కష్టమైన చోటు. సేఫ్టీ విషయంలో బుద్ధి పోలో పక్కనే ఉంటుంది. కార్ల భద్రతను పరీక్షించే గ్లోబల్ ఎన్‌క్యాప్ సంస్థ 2014లో రెండు ఎయిర్‌బ్యాగులున్న పోలోను గుద్దించి చూస్తే పెద్దవాళ్ళ రక్షణకు 4 స్టార్లు వచ్చాయి. వ్యాగన్ఆర్‌కు 2019లో 2, మళ్ళీ 2023లో పరీక్షిస్తే 1. తిరుపతి నుంచి చిత్తూరుకు దాదాపు 70 కిలోమీటర్లు, రోడ్డు వెడల్పుగా ఉంది, బండ్లు ఎంత స్పీడులో పోతాయో మీకు తెలుసు. దీన్ని నేను తేలిగ్గా కొట్టిపారేయలేను. అందుకని మీరు చూసిన వ్యాగన్ఆర్‌లో పక్క సీటుకు కూడా ఎయిర్‌బ్యాగ్ ఉందో లేదో ముందు చూడండి. ఆ ఏడాది కింది వేరియంట్లలో డ్రైవరుకు మాత్రమే ఉండేది. పక్క సీటుకు లేకపోతే ఆ బండినీ వదిలేసి రెండూ ఉన్న వేరియంట్ వెతకండి. 1.2 ఇంజనుతో దొరికితే మరీ మంచిది.

వీలైతే టాటా టియాగో కూడా ఒకసారి చూడండి. 2020 జనవరిలో గ్లోబల్ ఎన్‌క్యాప్ దానికి 4 స్టార్లు ఇచ్చింది, మీ బడ్జెట్‌లో దొరుకుతుంది. మీరు అడగలేదు, అయినా చెప్పాలనిపించింది.

సేఫ్టీ అంత ముఖ్యమైతే మళ్ళీ వ్యాగన్ఆర్ ఎందుకంటున్నాను? అమ్మగారి మోకాళ్ళ కోసం. మా అమ్మకూ ఇదే బాధ. నా బండిలోకి దిగాలంటే వంగి, ఒక కాలు పెట్టి, డోరు పట్టుకుని "ఉండు నాయనా" అంటూ కూలబడుతుంది. దిగేటప్పుడు ఒకరు చెయ్యి అందించాల్సిందే. ఎప్పుడో ఒకసారి వస్తుంది కాబట్టి మాకు జరిగిపోతోంది. మీ అమ్మగారు మీతోనే ఉంటారు, వారం వారం ఊరికి వస్తారు. వ్యాగన్ఆర్ సీటు ఎత్తులో ఉంటుంది, తలుపు పెద్దది, వంగకుండా నేరుగా కూర్చోవచ్చు. పోలోలో కిందికి దిగి కూర్చోవాలి. ఎక్కడం కష్టమైతే పెద్దవాళ్ళు ఆ మాట పైకి చెప్పరు. "నాకు ఇంట్లో పనుంది, మీరు పోయి రండి" అంటారు. కాబట్టి బ్రోకరు దగ్గర టెస్ట్ డ్రైవ్‌కు ఒక్కరే వెళ్ళకండి, ఆమెను తీసుకెళ్ళి వెనక సీట్లో ఒకటికి రెండుసార్లు ఎక్కించి దించండి. టియాగో చూసినా అదే పని చేయండి. ఆమెకు టియాగో సులువైతే, నేను వ్యాగన్ఆర్ పేరు కూడా ఎత్తను.

చెన్నై బండి సంగతి. 2023 డిసెంబరులో మిచౌంగ్ తుఫానుకు అక్కడ కార్లు నీళ్ళలో నిలబడిపోవడం టీవీలో అందరం చూశాం. మీ పోలో అప్పటికి అక్కడే ఉంది. అది మునిగిందని నేను అనడం లేదు, మునగలేదని మీకు ఎలా తెలుస్తుందని అడుగుతున్నాను. సీటు బెల్టును చివరిదాకా లాగి చూడండి, లోపల దాగి ఉండే భాగంలో బురద చారలు కనిపిస్తాయి. మ్యాట్ల కింద కార్పెట్ ఎత్తండి, సీటు పట్టాల మీద తుప్పు, హెడ్‌లైట్ లోపల తేమ చూడండి. ఇవన్నీ బాగున్నా పేపర్ల పని మిగిలే ఉంటుంది. అక్కడి ఆర్టీవో నుంచి ఎన్ఓసీ (అభ్యంతరం లేదనే పత్రం) తెచ్చుకోవాలి, బండి వయసును బట్టి మన రాష్ట్రంలో మళ్ళీ లైఫ్ ట్యాక్స్ కట్టాలి, నంబరు మార్పించాలి. చెన్నైలో చవక అనిపించిన ధర తిరుపతి చేరేసరికి చవకగా ఉండదు. చిత్తూరువాళ్ళు వేలూరు నుంచి, పలమనేరువాళ్ళు బెంగళూరు నుంచి బండ్లు తెచ్చుకుంటూనే ఉంటారు, తప్పేం లేదు. ఆ ఖర్చు ముందే కలుపుకుని బేరమాడేవాళ్ళకు గిట్టుబాటు అవుతుంది.

అలాగని తిరుపతి బండి అనగానే కళ్ళు మూసుకుని తీసుకోవద్దు. కొండకు తెగ తిరిగిన బండికి కిలోమీటర్లు తక్కువున్నా క్లచ్ ప్లేట్, బ్రేకులు అరిగిపోయి ఉంటాయి. మూడో గేరులో నెమ్మదిగా పోతూ యాక్సిలరేటర్ గట్టిగా తొక్కండి. ఇంజను మోత పెరిగి స్పీడు పెరగకపోతే క్లచ్ అయిపోయినట్టే. ట్యాక్సీగా తిప్పి తర్వాత ఓన్ బోర్డుకు, అంటే సొంత వాడకం బండిగా మార్చిన బండ్లు కూడా ఇక్కడ తగులుతుంటాయి, సి బుక్ పాత వివరాలు అడగండి. టైరు పక్కన నాలుగంకెలు ఉంటాయి. 2319 అంటే 2019లో 23వ వారం తయారీ. మీటరు ముప్పై వేలు చూపిస్తూ నాలుగు టైర్లూ కొత్తవైతే ఎందుకు మార్చారో అడగాల్సిందే. నాకు బండి చూపించిన ఒకాయన మీటరు ముట్టుకోలేదని ఒట్టేస్తుంటే, పక్కనున్న మా మెకానిక్ బావ "పద, కాణిపాకంలో ప్రమాణం చేద్దువు" అన్నాడు. ఆయన వెంటనే టాపిక్ మార్చి పెయింటు గురించి చెప్పడం మొదలుపెట్టాడు.

సింగిల్ ఓనర్ బండి కాబట్టి ఇంకో సులువైన దారి కూడా ఉంది. పాత ఇన్సూరెన్స్ పాలసీ అడిగి నో క్లెయిమ్ బోనస్ (క్లెయిమ్ చేయనందుకు ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు) ఎంతుందో చూడండి. వరసగా ఐదేళ్ళు క్లెయిమ్ లేకపోతే అది 50 శాతానికి చేరుతుంది. "ఒక్క గీత కూడా పడలేదు సార్" అనే బండికి 20 శాతమే ఉంటే కథ వేరే ఉంది. ఆ బోనస్ పాత ఓనరుతోనే పోతుంది, మీకు రాదు, కాబట్టి మీ ప్రీమియం ఆయన కట్టినదానికంటే ఎక్కువే ఉంటుంది. బండి మీ పేరుకు మారిన 14 రోజుల్లోపు ఇన్సూరెన్స్ కూడా మీ పేరుకు మార్చమని అప్లికేషన్ ఇవ్వాలి. చాలామంది సి బుక్ మారగానే పని అయిపోయిందనుకుంటారు. ఫాస్టాగ్ కూడా పాతాయనది తీయించి మీ పేరున వేయించుకోండి. 2025 ఆగస్టు 15 నుంచి అలిపిరిలో అది తప్పనిసరి, మొదటిసారి పూజకని కొండకు బయలుదేరి అక్కడ ఆగిపోతే ఇంట్లోవాళ్ళ ముందు బాగుండదు.

నాలుగున్నర లక్షలూ బండికే పెట్టేయకండి. నాలుగు దాటకుండా బేరం కుదుర్చుకోండి, మిగతాది ట్రాన్స్‌ఫర్‌కు, ఇన్సూరెన్స్‌కు, టైర్లకు, బ్యాటరీకి సరిగ్గా సరిపోతుంది. ఈ20 పెట్రోలు, అంటే 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు, పాత బండ్లకు పడుతుందా అని అడిగారు. మీ రెండు బండ్లూ 2023కు ముందువే, ఆ టెన్షన్ దేనికైనా ఒకటే.

పోలో మోజు తీరకపోతే దాన్ని చంపుకోవాల్సిన పని లేదు. ఏపీ నంబరుతో, ఒకే ఓనరుతో, మొదటి నుంచి సర్వీస్ రికార్డు ఉన్న పోలో దొరికి, అమ్మగారు ఇబ్బంది లేకుండా ఎక్కగలిగితే నా సమాధానం మారుతుంది. అప్పుడు కూడా కొనకముందే సర్వీస్ సెంటర్‌కు వెళ్ళి క్లచ్ సెట్‌కు, సస్పెన్షన్‌కు ఎంతవుతుందో రేట్లు కనుక్కోండి. డీఎస్‌జీ అనే ఆటోమేటిక్ గేర్‌బాక్స్ ఉన్న పోలో ఎవరైనా చవకగా ఇస్తామంటే, ఆ గేర్‌బాక్స్ రిపేరు ఖర్చు తెలుసుకున్నాకే ఫోన్ ఎత్తండి.

వ్యాగన్ఆర్ ఏ వేరియంటో, ఎన్ని కిలోమీటర్లు తిరిగిందో, పాలసీలో బోనస్ ఎంతుందో రాయండి. ధర సరిగ్గా ఉందో లేదో బావను అడిగి చెబుతాను.