కట్టడిగా పెంచితే పెద్దయ్యాక డిప్రెషన్ వస్తుందా?

అడిగినవారికి ముప్పై దాటింది. ఇంట్లో నాన్నగారి కట్టడి, ఆపైన బెజవాడలో ఇంటర్ హాస్టల్. ఇప్పుడు డాక్టరు డిప్రెషన్ అన్నారు. పెంపకమే కారణమా అన్నది ప్రశ్న.

అదొక్కటే కారణమని తేల్చలేం. ముప్పు పెంచేవాటిలో అదీ ఒకటి. కవలల మీద చేసిన పరిశోధనల్లో వంశపారంపర్యం వాటా 35–40 శాతం దాకా తేలింది.

అసలు కట్టడి ఒక్కటే అంత చెరుపు చేయదు. 1979లో ఆస్ట్రేలియా సైకియాట్రిస్టు గోర్డన్ పార్కర్ బృందం 25 అంశాల ప్రశ్నావళి తయారుచేసింది. పదహారేళ్ల లోపు అమ్మ ఎలా ఉండేది, నాన్న ఎలా ఉండేవారు అని విడివిడిగా అడుగుతుంది. చూసేవి రెండే: ఆప్యాయత, అదుపు. ఆప్యాయత తక్కువై, అదుపు ఎక్కువైన చోటే డిప్రెషన్‌తో ముడి గట్టిగా కనిపించింది. ఫీజులు కట్టి, ఆదివారం హాస్టల్‌కి క్యారేజీ తెచ్చి, మార్కులు తప్ప ఇంకేమీ అడగని నాన్నకి ప్రేమ లేదని ఎవరంటారు? కాకపోతే ఆ ప్రశ్నావళి కొలిచేది బిడ్డకి ఎంత అందిందన్నదే.

టెన్త్‌లో 600కి 580 తెచ్చినా "ఆ ఇరవై ఎక్కడ పోయాయి?" అని విన్నవాళ్లకి ఆ గొంతు లోపలే ఉండిపోతుంది. మేనేజర్ "ఒకసారి రండి" అంటే చాలు, నేను పనికిరానని తీర్మానం అయిపోతుంది. ఆలోచనలను పరీక్షించి సరిదిద్దే మాటల చికిత్స సీబీటీ పట్టుకునేది ఈ తీర్మానాన్నే. కాగితం మీద మూడు గడులు గీయండి: జరిగింది, మనసన్న మాట, దానికి సాక్ష్యం. చాలామంది మూడో గడిలో "నాన్న వల్లే" అని రాస్తారు. అది సాక్ష్యం కాదు, ఫిర్యాదు. సాధారణంగా వారానికొకటి చొప్పున 12–16 సెషన్లు పడతాయి.

మందులు రాస్తే గుణం తెలియడానికి రెండు నుంచి నాలుగు వారాలు, ఒక్కోసారి ఆరు. పదిరోజులకే పనిచేయలేదని మానేయడం, తేరుకోగానే సొంతంగా ఆపేయడం, ఎక్కువగా చెడేది ఇక్కడే. తేరుకున్నాక కూడా కనీసం ఆరు నెలలు వాడమంటారు. థైరాయిడ్, విటమిన్ బీ12 తేడాల వల్లా ఇలాంటి దిగులు రావచ్చు; ఆ పరీక్షలు చేయించకపోతే ముందు అవి చేయించండి.

ఇంకో మాట. దిగులు ముదిరినప్పుడు చేదు జ్ఞాపకాలే ముందు తోసుకొస్తాయి. ఆ వారాల్లో అమ్మానాన్నలను కూర్చోబెట్టి పంచాయితీ పెట్టకండి. చచ్చిపోవాలన్న ఆలోచన ఒక్కసారి వచ్చినా అపాయింట్‌మెంట్ దాకా ఆగొద్దు. 14416, ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్‌కి ఫోన్ చేయండి, ఉచితం, రాత్రయినా తెలుగులో మాట్లాడతారు. ప్రైవేటు ఖర్చు భారమైతే గుంటూరు ప్రభుత్వాసుపత్రి జీజీహెచ్‌లో సైకియాట్రీ ఓపీ ఉంది. పాత చీటీలు, వాడుతున్న మందుల పేర్లు వెంట తీసుకెళ్లండి.