మాత్రలు, కైరోప్రాక్టిక్ (చేతులతో వెన్నెముకను నొక్కి చేసే చికిత్స) లేకుండా ఏళ్లుగా ఉన్న నడుం నొప్పి తగ్గుతుందా?

పూర్తిగా పోతుందని చెప్పలేం కానీ, క్రమం తప్పని నడక, వ్యాయామంతో చాలామందికి రోజువారీ పనులు చేసుకోగలిగేంత అదుపులోకి వస్తుంది.

మూడు నెలలు దాటిన నొప్పిలో చాలాసార్లు మొదటి గాయం మానిపోయే ఉంటుంది. నరాల వ్యవస్థ మాత్రం ఆకు కదిలినా మొరిగే కాపలా కుక్కలా తయారై, మామూలు కదలికను కూడా ప్రమాదంగా లెక్కేస్తుంది. నిద్ర చాలకపోవడం, టెన్షన్ దాన్ని ఇంకా రెచ్చగొడతాయి. కొద్దికొద్దిగా కదలిక పెంచుతూ పోతే ఆ అతి స్పందన మెల్లగా తగ్గుతుంది.

ఉదాహరణకు, 20 నిమిషాలు నడిస్తే నొప్పి మొదలయ్యే మనిషి రోజూ 15 నిమిషాల దగ్గరే ఆగి, వారానికి రెండేసి నిమిషాలు పెంచుకోవచ్చు. బాగున్న రోజు గంటసేపు నడిచేసి మర్నాడు మంచం పట్టడం (ఎక్కువమంది చేసేది ఇదే) పనికిరాదు.

నొప్పి ఉందంటే లోపల ఏదో అరిగిపోతోందని, పడుకుంటేనే నయమవుతుందని అనుకోవడం పొరపాటు. స్కాన్‌లో డిస్క్ (వెన్నుపూసల మధ్య ఉండే మెత్త) ఉబ్బు కనిపించినా హడలిపోనక్కర్లేదు, ఏ నొప్పీ లేనివాళ్లలోనూ అది కనిపిస్తుంది. కాలు బలహీనపడినా, మూత్రం మీద అదుపు తప్పినా మాత్రం వెంటనే డాక్టర్ దగ్గరకు వెళ్లాలి.