‘వచ్చేడు’ తప్పా?

సందేహం: అయ్యా, మాది అమలాపురం దగ్గర పల్లెటూరు. మా అబ్బాయి వ్యాసంలో ‘వచ్చేడు, చెప్పేడు’ అని రాస్తే బడిలో ఎర్ర ఇంకుతో కొట్టేశారు. మా ఇంట్లో అందరం అలాగే అంటాం. జనం మాట్లాడేదే వ్యాకరణమని కొందరంటారు. మరి ఇంగ్లీషులో సింప్లిఫైడ్ ఇంగ్లీష్ అని గట్టి రూల్సు పెట్టుకున్నారట కదా, ఏది నమ్మాలి?

సమాధానం: తప్పు కాదమ్మా. అక్కడ మన నోట పలికేది ‘ఆ’కూ ‘ఏ’కూ నడిమి అచ్చు, ‘బ్యాంకు’ అన్నప్పుడు వినబడుతుందే, అది. దానికి మన లిపిలో విడిగా అక్షరం లేదు కాబట్టి కృష్ణా, గుంటూరు వైపు వాళ్లు ‘వచ్చాడు’ అని రాసుకున్నారు, తూర్పుగోదావరి, విశాఖ వైపు చాలామంది ‘వచ్చేడు’ అని రాశారు. పత్రికల్లో, పాఠ్యపుస్తకాల్లో మొదటిది స్థిరపడింది. పరీక్షలో అదే రాయించండి, మార్కులు పోగొట్టుకోవడం ఎందుకు. ఇంట్లో మాట మాత్రం దిద్దకండి.

జనం మాటే ప్రమాణం అంటే ఎలా పడితే అలా అని కాదు. ‘మేము వచ్చేడు’ అని అక్షరం ముక్క రాని రైతు కూడా అనడు. ఆ కట్టుబాటును పట్టుకుని రాసేదే వ్యాకరణం, ‘ప్రయోగశరణం వ్యాకరణం’ అని పెద్దలు ఊరికే అనలేదు. చిన్నయసూరి 1858లో బాలవ్యాకరణాన్ని కావ్యభాషకు రాస్తే, తరవాతివాళ్లు వాడుక వచనాన్ని కూడా దాంతోనే కొలిచారు, గొడవంతా అక్కడే మొదలైంది. గిడుగు రామమూర్తి గారు జీవితమంతా పోరాడింది ఆ కొలత మీదే గానీ వ్యాకరణం మీద కాదు.

ఇక సింప్లిఫైడ్ ఇంగ్లీష్. 1980లలో యూరప్ విమాన పరిశ్రమ మరమ్మతు మాన్యువళ్ల కోసం తయారుచేసుకున్న పద్ధతి ఇది. మాటకు ఒకటే అర్థం: ‘క్లోజ్’ అంటే మూయడమే, దగ్గర అనాలంటే ‘నియర్’ అనే రాయాలి. ఇంగ్లీషు సొంత భాష కాని మెకానిక్ పొరబడకూడదని ఆ జాగ్రత్త. ఇంగ్లీషువాళ్లు ఇలాగే మాట్లాడాలని అందులో ఎక్కడా లేదు.

అలాంటి రూల్సు తెలుగులోనూ రావాలని నాకు గట్టిగా ఉంది. భీమవరం వైపు రొయ్యల చెరువులో చల్లే మందు డబ్బా మీద ‘తగు మోతాదులో నీటియందు మిశ్రమము గావించి’ అని ఉంటే రైతుకేం తెలుస్తుంది? ఎంత మందు, ఎన్ని లీటర్ల నీళ్లు, ఏ పూట చల్లాలి అన్నవి ఒక్కో వాక్యంలో విడివిడిగా ఉండాలి.

మాస్టారు కనిపిస్తే ఒక్క మాట అడగండి, ‘వచ్చేడు’ కొట్టెయ్యకుండా పక్కన ‘పుస్తకాల్లో వచ్చాడు అని రాస్తాం’ అని రాస్తే చాలు.