గవదబిళ్లలు ‘వచ్చింది’ అనాలా, ‘వచ్చాయి’ అనాలా?

సందేహం: మా బడిలో ఒక బాబుకు మంప్స్ రావడంతో తల్లిదండ్రులకు నోటీసు పంపాల్సి వచ్చింది. ‘గవదబిళ్లలు వచ్చింది’ అని నేను రాస్తే, ‘వచ్చాయి’ అనాలని తోటి టీచరు దిద్దారు. గవదబిళ్లలంటే టాన్సిల్స్ కదా అని ఇంకొకరు అన్నారు. ఏది సరి?
– ఒక ఉపాధ్యాయురాలు

సమాధానం: మీ తోటి టీచరు దిద్దుబాటే సరి. కామెర్లు వచ్చాయి, విరేచనాలు అవుతున్నాయి అంటాం కదా, ఇదీ అంతే. ఒక చెంప పక్కనే వాచినా సరే, ‘గవదబిళ్లలు వచ్చాయి’ అనే అంటాం. ‘మంప్స్ వచ్చింది’ అని మాట్లాడడం అలవాటై, రాసేటప్పుడు పేరు మాత్రం తెలుగులోకి మార్చి క్రియను పాతదే ఉంచేస్తున్నారు. ఏకవచనమే కావాలనుకుంటే ‘గవదబిళ్లల వ్యాధి వచ్చింది’ అని రాయండి.

మన భాషలో ఏ జబ్బు క్రియ ఆ జబ్బుకే ఉంటుంది. తట్టు పోస్తుంది, జలుబు చేస్తుంది, పడిశం పడుతుంది, సెగ్గడ్డ లేస్తుంది. గవదబిళ్లలు వస్తాయి, లేస్తాయి, ‘పోశాయి’ అనం. ‘బిళ్ల’ ఇక్కడ మందుబిళ్ల కాదు, చంకలోనో గజ్జల్లోనో బిళ్ల కట్టింది అంటామే, ఆ వాపు.

టాన్సిల్స్ సంగతి మాత్రం గట్టిగా చెప్పాలి. ‘పాపకు గవదబిళ్లలు ఆపరేషన్ చేసి తీసేశారు’ అని చదువుకున్నవాళ్లూ అంటున్నారు. తీసింది టాన్సిల్స్‌ని. నోరు తెరిచి ‘ఆ’ అంటే కొండనాలుకకు అటూ ఇటూ కనిపించేవి అవి. గవదబిళ్లల్లో వాచేది చెవి కిందా ముందూ ఉండే లాలాజల గ్రంథి. వాపుకి చెవితమ్మె పైకి, బయటికి నెట్టుకొస్తుంది, దవడ మూల గీత కనిపించకుండా పోతుంది. పుల్లటిది నోట్లో పెడితే లాలాజలం ఊరి, పిల్లలు చెంప పట్టుకుని ఏడుస్తారు. ఇది వైరస్ జబ్బు, యాంటీబయాటిక్స్ పనిచేయవు. టాన్సిల్స్ వాపు కొన్నిసార్లు బాక్టీరియా వల్ల వస్తుంది, అప్పుడు యాంటీబయాటిక్స్ అవసరమవుతాయి. అందుకే డాక్టరుకు ఫోన్లో చెప్పేటప్పుడు మాట తారుమారైతే ప్రమాదం. మెడ చుట్టూ వరసగా గడ్డలు లేచే గండమాల మళ్లీ వేరే జబ్బు. దాన్నీ ఇందులో కలపకండి.

ఇంకొకటి: పత్రికల్లో ‘గ్రంధి’ అని కనిపిస్తోంది, ‘గ్రంథి’ అని రాయాలి.

మీ నోటీసు ఇలా ఉంటే బాగుంటుంది: ‘గవదబిళ్లలు వచ్చిన పిల్లలను వాపు మొదలైనప్పటి నుంచి 5 రోజులు బడికి పంపవద్దు. దగ్గు, తుమ్ము తుంపరలతో, ఎంగిలి గ్లాసులతో ఇది ఇతరులకు అంటుకుంటుంది. ఎంఎంఆర్ (తట్టు, గవదబిళ్లలు, రుబెల్లా) టీకా వేయించారో లేదో కార్డు చూసుకోండి. ఎంఆర్ (తట్టు, రుబెల్లా) అని మాత్రమే ఉంటే అందులో గవదబిళ్లల టీకా లేనట్టే, డాక్టరును అడగండి.’