పరుపు తర్వాత కొనవచ్చు, ముందు ఆ కాలు చూపించుకోండి

డాక్టర్ సలహా

ప్రశ్న: నా వయసు 47. ఎత్తు 5 అడుగుల 6 అంగుళాలు, బరువు 92 కిలోలు. చిట్‌ఫండ్ ఆఫీసులో పని. సగం రోజు కుర్చీలో, సగం రోజు బండి మీద. ఏడాదిగా నడుం నొప్పి. పొద్దున లేచేసరికి నడుము పట్టేసి ఉంటోంది. ఇంట్లో పాత దూది పరుపు మధ్యలో గుంట పడింది. అదే కారణమని ఫోమ్ పరుపు కొందామనుకుంటున్నాం. షాపులో ఒకరు 32 డెన్సిటీ అంటున్నారు, ఒకరు 40 అంటున్నారు, ఇంకొకరు మెమరీ ఫోమ్ అంటున్నారు. నేను ఎక్కువగా పక్కకు తిరిగి పడుకుంటాను, తెల్లవారుజామున బోర్లా తిరుగుతాను. నా భార్య 54 కిలోలు, వెల్లకిలా పడుకుంటుంది. నా గురక వల్ల తనకు నిద్ర ఉండట్లేదని రోజూ గొడవ. ఇద్దరికీ సరిపడే పరుపు ఏది? ఎన్ని అంగుళాలు ఉండాలి? ‘ఆర్థోపెడిక్’ అని రాసి ఉన్నదే కొనమంటారా? బీపీకి టెల్మిసార్టన్, హైడ్రోక్లోరోథయాజైడ్ కలిసిన మాత్ర వాడుతున్నాను. నాలుగైదు నెలలుగా ఎడమ కాలు పిక్క నుంచి బొటనవేలి దాకా తిమ్మిరి. మెడికల్ షాపులో ఇచ్చిన నొప్పి మాత్ర, గ్యాస్ మాత్ర రాత్రిపూట వేసుకుంటున్నాను. దాంతో బాగానే ఉంది.
– ఓ పాఠకుడు, ఖమ్మం

జవాబు: ఉత్తరమంతా పరుపు గురించి రాసి, అసలు విషయం చివరి వాక్యాల్లో పెట్టారు. నేను అక్కడి నుంచే మొదలుపెడతాను. పరుపు సంగతి కూడా చెబుతాను, కాస్త ఓపిక పట్టండి.

నడుం నొప్పితో పాటు పిక్క మీదుగా బొటనవేలి దాకా తిమ్మిరి దిగుతోందంటే, నడుం కింది భాగంలో డిస్క్ (వెన్నుపూసల మధ్య ఉండే మెత్త) జరిగి నరాన్ని నొక్కుతోందేమోనని ముందు అనుమానిస్తాం. జనం సయాటికా అనేది దీన్నే. బొటనవేలి వైపు వస్తే సాధారణంగా ఐదో నడుం నరం, చిటికెన వేలి వైపు వస్తే దాని కింది నరం. మిమ్మల్ని చూడకుండా ఇదే అని నేను తేల్చలేను. షుగర్ వల్ల కూడా తిమ్మిర్లు వస్తాయి, కానీ అవి ఎక్కువగా రెండు పాదాలకూ వస్తాయి. మీకు ఒక్క కాలికే ఉంది, పైగా నడుం నొప్పి ఉంది. షుగర్ పరీక్ష చేయించుకున్నారో లేదో రాయలేదు. ఈ వయసులో, ఈ బరువుతో, బీపీ కూడా ఉన్నప్పుడు అది ఎలాగూ చేయించుకోవాలి.

ఇంట్లో ఒక చిన్న పరీక్ష చేసుకోండి. గోడ పక్కన నిలబడి మడమల మీద నాలుగు అడుగులు వేయండి, తర్వాత మునివేళ్ల మీద నాలుగు అడుగులు. ఎడమ పాదం ముందు భాగం పైకి లేవకపోయినా, చెప్పు దానంతటదే జారిపోతున్నా, మెట్లెక్కేటప్పుడు కాలివేళ్లు తగులుతున్నా నరం బలహీనపడుతోందని అర్థం. అలా ఉంటే వారం పదిరోజులు చూద్దామనుకోకండి. ఇక మూత్రం బిగపట్టినట్టై రాకపోవడం లేదా తెలియకుండా పోవడం, బండి సీటుకు ఆనే చోట స్పర్శ తగ్గడం, రెండు కాళ్లూ బరువెక్కడం, వీటిలో ఏ ఒక్కటి కనిపించినా అది ఎమర్జెన్సీ. అర్ధరాత్రి అయినా సరే పెద్దాసుపత్రికి వెళ్లాలి. అక్కడ గంటలు లెక్కకొస్తాయి. జ్వరం, కారణం లేకుండా బరువు తగ్గడం, పడుకున్నా ఏ భంగిమలోనూ తగ్గని రాత్రి నొప్పి ఉంటే కూడా త్వరగా చూపించాలి. మన దేశంలో వెన్నెముకకు టీబీ రావడం అరుదేమీ కాదు.

భయపెట్టడానికి చెప్పడం లేదు. డిస్క్ జారిన వాళ్లలో ఎక్కువ మందికి ఆపరేషన్ లేకుండానే కొన్ని వారాల్లో తగ్గుముఖం పడుతుంది. మీకు మాత్రం నాలుగైదు నెలలైనా తగ్గలేదు. ఎముకల డాక్టరో, న్యూరో డాక్టరో కాలు ఎత్తి చూసి, బలం, స్పర్శ, రిఫ్లెక్సులు పరీక్షించి ఎమ్మారై కావాలో వద్దో చెబుతారు. మీ అంతట మీరే వెళ్లి ఎమ్మారై తీయించుకుని ఆ కాగితం నాకు పంపకండి. మీ వయసులో ఏ నొప్పీ లేని వాళ్ల స్కానింగ్‌లోనూ డిస్క్ ఉబ్బు కనిపిస్తుంది. పరీక్ష చేసిన డాక్టర్ చేతిలో ఉంటేనే ఆ ఫిల్ముకు అర్థం.

ఇప్పుడు ఆ మాత్ర. “దాంతో బాగానే ఉంది” అని రాశారు చూడండి, నాకు ఎక్కువ టెన్షన్ పెట్టింది ఆ మాటే. మాత్ర పేరు రాయలేదు. మన మెడికల్ షాపుల్లో నడుం నొప్పి అనగానే చేతికిచ్చేవి చాలావరకు డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్ కోవకు చెందినవే. డైక్లోఫెనాక్ షెడ్యూల్ హెచ్ మందు. అంటే డాక్టర్ చీటీ లేకుండా అమ్మకూడదు. మూడు నాలుగు రోజులు అవసరానికి వాడితే వేరే విషయం. మీరు నెలల తరబడి వాడుతున్నారు, అదీ బీపీ మందు మీద.

మీ బీపీ మాత్రలో రెండు మందులున్నాయి. టెల్మిసార్టన్ కిడ్నీ వడపోత దగ్గర రక్తం బయటికి పోయే నాళాన్ని వెడల్పు చేస్తుంది. హైడ్రోక్లోరోథయాజైడ్ ఒంట్లో నీటిని, ఉప్పును మూత్రంలోకి పంపేస్తుంది. రెండూ మంచి మందులే, మీకు అవసరమైనవే. నొప్పి మాత్ర చేసేదేమిటంటే, కిడ్నీ వడపోతలోకి రక్తం వచ్చే నాళాన్ని సన్నం చేస్తుంది. ట్యాంకులోకి నీళ్లొచ్చే పైపు సన్నబడి, బయటికి పోయే పైపు వెడల్పై, పైగా సంపులోనే నీళ్లు తగ్గితే ప్రెషర్ ఎక్కడుంటుంది? వడపోత పడిపోతుంది. ఈ మూడు రకాల మందులు కలిసినప్పుడు కిడ్నీ దెబ్బతినే ప్రమాదం మాకు బాగా తెలిసిన సంగతి. దానికి తోడు మీది ఖమ్మం. ఏప్రిల్, మే నెలల్లో బండి మీద తిరుగుతూ చెమటోడుస్తూ నీళ్లు తాగకుండా ఈ మాత్రలు వేసుకోవడం మరీ ప్రమాదం. పొటాషియం కూడా పెరగవచ్చు. ఇంకో నష్టం, నొప్పి మాత్ర బీపీ మందు పనిని తగ్గిస్తుంది. బీపీ కంట్రోల్ కావట్లేదని డాక్టర్ డోసు పెంచుతూ పోతారు, నొప్పి మాత్ర సంగతి మీరు చెప్పరు.

గ్యాస్ మాత్ర తోడుందిగా అని ధైర్యం వద్దు. అది కడుపులో పుండు పడే అవకాశాన్ని తగ్గిస్తుంది, అంతే. కిడ్నీకి, గుండెకు అది కాపలా కాదు. కిడ్నీ దెబ్బతింటున్నప్పుడు చాలాసార్లు నొప్పి పుట్టదు, మూత్రం కూడా మామూలుగానే వస్తుంటుంది. కాళ్లకు నీరు వచ్చి మా దగ్గరికి వచ్చేసరికి చాలా ఆలస్యమై ఉంటుంది. ఓపీలో ఇలాంటి వాళ్లను చూడని వారం ఉండదు. “ఏం మందులు వాడుతున్నారు” అని అడిగితే బీపీ మాత్ర ఒక్కటే చెబుతారు. నొప్పి మాత్రను మందుల లెక్కలోకే తీసుకోరు.

కాబట్టి నొప్పి మాత్ర కొనడం ఆపి, ఈ వారంలోనే క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు చెప్పే రక్త పరీక్ష), పొటాషియం, మూత్ర పరీక్ష, హిమోగ్లోబిన్, హెచ్‌బీఏ1సీ (రెండు మూడు నెలల సగటు షుగర్ చెప్పే పరీక్ష) చేయించుకోండి. ఖర్చు మీరు కొనబోయే పరుపులో చిన్న ముక్క కూడా కాదు. ఇది చదివి బీపీ మాత్ర మాత్రం ఆపేయకండి. దాన్ని మార్చాలా వద్దా అన్నది మీ డాక్టర్ రిపోర్టులు చూసి చెప్పాలి. నొప్పికి బదులుగా ఏం వాడాలో కూడా ఆయనే రాస్తారు. నరం నొప్పికి వేరే రకం మందులుంటాయి, వాటిని కూడా షాపులో అడిగి కొనకండి, మత్తుగా ఉంటుంది, మీరు బండి నడుపుతారు. నొప్పి ఇంజెక్షన్ కోసం ఆర్‌ఎంపీ దగ్గరికి వెళ్లడం, ఎదురుకాళ్లతో పుట్టిన వాళ్లతో నడుం తొక్కించుకోవడం కూడా వద్దు. ఇవి మీరు రాయలేదు గానీ మన వైపు ఎవరో ఒకరు సలహా ఇచ్చే ఉంటారు. డిస్క్ జారి ఉంటే ఆ తొక్కుడుతో ఉన్నది ఇంకా ఎక్కువ కావచ్చు.

గురక గురించి మీ భార్య చెప్పింది తేలిగ్గా తీసుకోకండి. 92 కిలోల బరువు, బీపీ, గట్టి గురక కలిశాయి. నిద్రలో మధ్యమధ్య ఊపిరి ఆగి ఉక్కిరిబిక్కిరై లేస్తున్నారేమో ఆమెనే అడగండి. పగలు ఆఫీసులో, బండి మీద కునుకు వస్తోందా? అయితే స్లీప్ ఆప్నియా ఉందేమో చూడాలి. ఆ పరీక్ష ఇప్పుడు ఇంట్లో కూడా చేస్తున్నారు. పక్కకు తిరిగి పడుకుంటే గురక కొంత తగ్గుతుంది, పరుపు మారిస్తే తగ్గదు. మీ బీఎంఐ, అంటే ఎత్తుకు తగ్గ బరువు లెక్క, 32 దాటింది. మన వాళ్లకు 25 దాటితేనే ఊబకాయం కింద లెక్క. నడుముకు, బీపీకి, గురకకు మూడింటికీ పనికొచ్చేది పది కిలోలు తగ్గడం. ఎలాగో మీకు తెలుసు, ఇక్కడ మళ్లీ రాయను.

సరే, పరుపు. గుంట పడిన పరుపు మార్చాల్సిందే, అందులో మీరు చెప్పింది నిజం. ముందు మంచం చెక్క చూడండి. ప్లైవుడ్ కుంగి ఉంటే దాని మీద లక్ష రూపాయల పరుపు వేసినా కుంగుతుంది.

డెన్సిటీ అంటే గట్టిదనం అనుకుంటున్నారు, కాదు. ఒక ఘనపు మీటరు ఫోమ్ ఎన్ని కిలోలు తూగుతుందో ఆ అంకె. 32 డెన్సిటీ అంటే 32 కిలోలు. అది ఎక్కువైతే ఫోమ్ ఎక్కువ కాలం కుంగకుండా నిలబడుతుంది. మెత్తగా ఉందా గట్టిగా ఉందా అన్నది వేరే కొలత. 40 డెన్సిటీలో మెత్తనివీ ఉంటాయి, 32లో గట్టివీ ఉంటాయి. మీ బరువుకు అడుగు పొర 40 డెన్సిటీ, మొత్తం మందం 8 అంగుళాలు ఉంటే మంచిది. 5, 6 అంగుళాల్లో తక్కువ డెన్సిటీది తీసుకుంటే తుంటి కింద త్వరగా గుంట పడుతుంది, మళ్లీ ఇదే కథ. మెమరీ ఫోమ్ ఒంటి వేడికి మెత్తబడి ఒంపుకు తగ్గట్టు దిగుతుంది. చలికాలంలో గట్టిగా, ఎండాకాలంలో మెత్తగా, వేడిగా అనిపిస్తుంది. ఏసీ లేని గదిలో మొత్తం పరుపు మెమరీ ఫోమ్‌ది వద్దు, పైన ఒకటి రెండు అంగుళాల పొర ఉంటే చాలు. ఉక్కపోతకు లేటెక్స్ (రబ్బరు ఫోమ్) కాస్త నయం, ధర ఎక్కువ.

పక్కకు తిరిగి పడుకునే వాళ్లకు భుజం, తుంటి కొంచెం దిగాలి, నడుం సందు గాల్లో వేలాడకూడదు. కాబట్టి మీకు కింద గట్టి, పైన మెత్తని పొర. షాపులో రెండు నిమిషాలు కూర్చుని లేవడం పరీక్ష కాదు. చెప్పులు విప్పి పావుగంట పక్కకు తిరిగి పడుకోండి, వెనక నుంచి మీ భార్యను ఫోన్‌లో ఫొటో తీయమనండి. మెడ నుంచి తోక ఎముక దాకా వెన్ను వంకర లేకుండా కనిపించాలి. మోకాళ్ల మధ్య ఒక దిండు పెట్టుకుంటే ఎడమ కాలికి హాయిగా ఉంటుంది. బోర్లా పడుకోవడం మానేయాలి. నడుం లోపలికి వంగుతుంది, మెడ రాత్రంతా ఒకవైపు మెలితిరిగి ఉంటుంది. దానికి సరిపోయే పరుపు చెప్పమంటే నా దగ్గర లేదు.

54 కిలోల మనిషి, 92 కిలోల మనిషి ఒకే పరుపు మీద పడుకుంటే మీకు మీడియం అనిపించేది ఆమెకు బల్లలా ఉంటుంది, పైగా ఆమె మీ వైపు జారుతుంది. 6 అడుగుల వెడల్పు మంచానికి ఒక్కొక్కటి 3 అడుగుల రెండు పరుపులు వేసుకోండి. పొడవు, మందం ఒకటే ఉండాలి. మీకు కాస్త గట్టిది, ఆమెకు మీడియం. వెల్లకిలా పడుకునే ఆమెకు మోకాళ్ల కింద పలుచని దిండు ఉంటే నడుముకు సుఖం.

‘ఆర్థోపెడిక్’ అన్నది కంపెనీ పెట్టుకున్న పేరు. ఆ మాట రాసి ఉన్నంత మాత్రాన ఎముకల డాక్టర్ పరీక్షించి ముద్ర వేసినట్టు కాదు. గట్టిదైతేనే నడుముకు మంచిదన్నది పాత నమ్మకం. 2003లో ‘లాన్సెట్’ అనే వైద్య పత్రికలో స్పెయిన్ పరిశోధన ఒకటి వచ్చింది. 313 మందికి గట్టి పరుపు, మధ్యస్థంగా గట్టిది పంచి 90 రోజులు చూశారు. మధ్యస్థంగా ఉన్నదాని మీద పడుకున్న వాళ్లకే నొప్పి ఎక్కువగా తగ్గింది. అయితే వాళ్లు ప్రత్యేక కారణం దొరకని దీర్ఘకాల నడుం నొప్పి వాళ్లు. కాలిలోకి తిమ్మిరి దిగుతున్న మీకు అది అలాగే వర్తిస్తుందని నేను చెప్పలేను.

ఇప్పుడే డబ్బు కట్టేయకండి. ఆన్‌లైన్‌లో అమ్మే కొన్ని కంపెనీలు నెలల ట్రయల్ ఇస్తున్నాయి, వెనక్కి తీసుకునే షరతులు చదివి తీసుకోవచ్చు. కొత్త ఫోమ్ వాసన వస్తే రెండు మూడు రోజులు గాలికి ఆరబెట్టండి, ఇంట్లో ఆస్తమా వాళ్లుంటే తప్పనిసరిగా.

డాక్టర్ దగ్గరికి వెళ్లేటప్పుడు నొప్పి మాత్ర స్ట్రిప్, గ్యాస్ మాత్ర స్ట్రిప్, బీపీ మందు, వారం రోజుల బీపీ రీడింగులు రాసిన కాగితం తీసుకెళ్లండి. స్ట్రిప్ పారేసి ఉంటే షాపతన్ని పేరు రాసివ్వమని అడగండి. రాసివ్వడానికి వెనకాడితే ఆ షాపులో మళ్లీ కొనకండి.