టెక్ సందేహాలు: నల్ల ఇసుకలో మెటల్ డిటెక్టర్‌కు లోతు ఎలా వస్తుంది?

ప్రశ్న: రుషికొండ తీరంలో మా అమ్మాయి బంగారు ఉంగరం జారిపోయింది. వెతకడానికి మెటల్ డిటెక్టర్ కొన్నాను. ఇంట్లో రూపాయి బిళ్లను అడుగు దూరం నుంచే పట్టేస్తోంది. తీరంలో మాత్రం నాలుగు అంగుళాలు దాటితే పట్టడం లేదు, పైగా ఏమీ లేని చోట కూడా మోగుతోంది. సెన్సిటివిటీ పూర్తిగా పెంచినా ఇంతే. పరికరం పాడైందా?
– ఒక పాఠకుడు, ఎంవీపీ కాలనీ

జవాబు: పరికరం బాగానే ఉంది. ముందు ఆ సెన్సిటివిటీని సగానికి దించండి.

అల వెనక్కి వెళ్లాక మన తీరంలో ఇసుక మీద నల్లటి చారలు మిగలడం మీరు చూసే ఉంటారు. అవి ఇల్మనైట్, మాగ్నటైట్, గార్నెట్ వంటి బరువైన ఖనిజాలు. భీమిలి వైపు వీటి నిల్వలే ఉన్నాయి. ఆ ఇసుకను పిడికెడు కాగితం మీద పోసి, కింద అయస్కాంతం కదిపి చూడండి. కొన్ని రేణువులు ముళ్లలా నిక్కబొడుచుకుంటాయి. మీ డిటెక్టర్ కింది భాగంలోని తీగచుట్టకు, అంటే కాయిల్‌కు, ఉంగరం కంటే ముందు వినిపిస్తున్నది ఈ రేణువులే.

కాయిల్ పంపే అయస్కాంత క్షేత్రం వస్తువును చేరేలోగా బలహీనపడుతుంది. వస్తువు నుంచి తిరిగి వచ్చే సంకేతం దారిలో మళ్లీ బలహీనపడుతుంది. కాయిల్ వెడల్పుతో పోలిస్తే లోతు బాగా ఎక్కువైనప్పుడు, ఆ లోతు రెట్టింపయితే ఉంగరం సంకేతం 64వ వంతుకు పడిపోతుంది. నేల మాత్రం కాయిల్‌కు ఆనుకునే ఉంటుంది కాబట్టి దాని సంకేతం ఎప్పుడూ బలమైనదే. సెన్సిటివిటీ పెంచితే రెండూ కలిసి పెరుగుతాయి. గ్రౌండ్ బ్యాలెన్స్ అనే సెట్టింగ్ అలా చేయదు. నేల సంకేతం ఏ ఫేజ్‌లో, అంటే కాయిల్ పంపిన తరంగం కంటే ఎంత వెనుకబడి, వస్తోందో కొలిచి, దాన్ని మాత్రమే తీసివేస్తుంది. అందుకే లోతు కావాలంటే మొదట సరిచేయవలసింది గ్రౌండ్ బ్యాలెన్స్.

ఏ లోహానికైనా మోగే ఆల్ మెటల్ మోడ్ పెట్టండి. కాయిల్‌ను అటూ ఇటూ తిప్పి, కింద లోహం లేని చోటు చూసుకోండి. సీసా మూత ఒక్కటి ఉన్నా కొలత తప్పుతుంది. తర్వాత గ్రౌండ్ బ్యాలెన్స్ బటన్ నొక్కి పట్టుకుని, కాయిల్‌ను నేలకు సమాంతరంగా ఒక అడుగు ఎత్తు నుంచి రెండు అంగుళాల వరకు నిదానంగా దించుతూ, ఎత్తుతూ ఉండండి. హెడ్‌ఫోన్‌లో వినండి: కాయిల్ దిగినా లేచినా శబ్దం మారకపోతే బ్యాలెన్స్ కుదిరినట్టు. ఆ తర్వాతే సెన్సిటివిటీని ఒక్కొక్క మెట్టు పెంచి, గోల మొదలైన చోట ఒక మెట్టు వెనక్కి తగ్గండి.

పొడి ఇసుకలో కుదిరిన బ్యాలెన్స్ తడి ఇసుకకు పనికిరాదు. ఉప్పునీరు విద్యుత్తును ప్రవహింపజేస్తుంది. దాని సంకేతం వచ్చే ఫేజ్ వేరు, ఇనుప ఖనిజాలది వేరు. ఒకే ఫ్రీక్వెన్సీతో పనిచేసే డిటెక్టర్ ఈ రెండింటినీ ఒకేసారి తుడిచివేయలేదు. మీది ఆ రకమైతే, అలలు తాకని పొడి భాగంలో వెతకడమే మేలు. తడి ఇసుకలోనే వెతకాలంటే మల్టీ ఫ్రీక్వెన్సీ లేదా పల్స్ ఇండక్షన్ డిటెక్టర్‌ను అద్దెకో, అరువుకో సంపాదించండి. నల్లచార దాటిన ప్రతిసారీ బ్యాలెన్స్ మళ్లీ చూసుకోండి. నేల మారేకొద్దీ బ్యాలెన్స్‌ను తనంతట తానే సరిచేసే ఆటో ట్రాకింగ్‌ను నమ్ముకోకండి. అనుమానం వచ్చిన చోటే కాయిల్‌ను పదేపదే ఆడిస్తే, ఆ చిన్న సంకేతాన్ని కూడా నేలగా లెక్కగట్టి మింగేస్తుంది.

రూపాయి బిళ్లతో పరీక్షించడం మానండి. 1992 నుంచి వస్తున్న రూపాయి నాణెం అయస్కాంతానికి అంటుకునే స్టెయిన్‌లెస్ స్టీలు. బంగారం అలా ప్రవర్తించదు. ఇంట్లో ఉన్న మరో బంగారు ఉంగరానికి గట్టి దారం కట్టి, ఆ ఇసుకలోనే ఆరు అంగుళాలు పాతి, అది ఎలా మోగుతోందో వినండి. వద్దనుకున్న లోహాలకు మోగకుండా చేసే డిస్క్రిమినేషన్ జోలికి వెళ్లకండి. సిగరెట్ పెట్టెలోని రేకును వద్దంటే సన్నటి బంగారు ఉంగరాన్ని కూడా వద్దన్నట్టే.

మరొక్క విషయం. మీ ఉంగరం మీదే. కానీ భూమిలో దాగిన నిక్షేపం దొరికి దాని విలువ 10 రూపాయలు దాటితే, 1878 నాటి ట్రెజర్ ట్రోవ్ చట్టం ప్రకారం కలెక్టర్‌కు రాతపూర్వకంగా తెలపాలి. తొట్లకొండ, బావికొండ బౌద్ధ స్థలాల్లోనూ ఎర్రమట్టి దిబ్బల్లోనూ డిటెక్టర్‌తో తవ్వకానికి దిగవద్దు. అక్కడ చెదిరిన మట్టి పొరను తిరిగి ఎవరూ పేర్చలేరు.

ప్రశ్న: ఫోనులో మెటల్ డిటెక్టర్ యాప్ వేసుకుంటే బంగారం దొరుకుతుందా?
– ఒక పాఠకురాలు, గాజువాక

జవాబు: దొరకదమ్మా. ఆ యాప్‌లు వాడేది దిక్సూచి కోసం ఫోనులో ఉన్న మాగ్నటోమీటర్‌ను. అది ఇనుము, అయస్కాంతం వంటివి దగ్గరకు వస్తేనే కదులుతుంది. బంగారం, వెండి, రాగి దానికి తెలియవు. సిమెంటు గోడలో మేకు ఎక్కడుందో చూసుకోవడానికి మాత్రం పనికొస్తుంది. డబ్బు కట్టమంటే కట్టకండి.